యువజన సేవ యెవరి కొఱకు?

యువజనులే దేశమునకు వెన్నెముక యని మన నాయకులు పలుకని సభ లేదు. జనవరి 12వ తేదీన, వివేకానందుని జయంతినాడు, ఆ మాట మఱింత బిగ్గరగా వినవచ్చును. ఆ దినమును 1985 నుండి జాతీయ యువజన దినముగా జరుపుచున్నారు. నాడు దండలు వేయబడును, ప్రతిజ్ఞలు చేయింపబడును, ఛాయాచిత్రములు తీయబడును. మఱునాటి యుదయమున ఆ యువకుడే తల్లి పింఛను కాగితము చేతబట్టుకొని మండల కార్యాలయపు వరండాలో నిలుచుండును. లోపలివారి మాట ఆ తల్లికి తెలియదు. తల్లి మాట లోపలివారికి తెలియదు. సభలో వెన్నెముక యైనవాడు కార్యాలయమున అడ్డమైనవాడగుచున్నాడు. ఈ వింతను గూర్చియే మేము నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మా వాదము క్లుప్తమైనది. పలు భాషలు, పలు మతములు, పలు తెగలు గల సంఘములో యువజన సేవ యనగా మొక్కలు నాటుటయు, గోడలకు సున్నము వేయుటయు మాత్రమే యైనచో అది వినోదమగునే గాని సేవ కాజాలదు. ప్రజలకును, ప్రజల ధనముతో నడచు కార్యాలయములకును నడుమ నొక గోడ కలదు. ఆ గోడకు ద్వారము పెట్టుటయే నేటి యువజనుని ప్రథమ కర్తవ్యము. ఆ ద్వారమునకు గొళ్లెము వేయకుండుట ప్రభుత్వము యొక్క కర్తవ్యము. ఈ రెండును జరుగుటలేదు. ఏల జరుగుటలేదో విచారింతము.

మన రెండు తెలుగు రాష్ట్రములును ఒకే నూలుతో నేసిన వస్త్రమని తలచువారు పటమును చూచిరి గాని ప్రజలను చూడలేదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో హైదరాబాదు జిల్లాయందు తెలుగు మాతృభాషగా గలవారును, ఉర్దూ మాతృభాషగా గలవారును ఇంచుమించు సరిసమానముగా నున్నారు. తెలంగాణమున నూటికి తొమ్మండ్రు, ఆంధ్రప్రదేశమున నూటికి ఐదుగురికి మించి షెడ్యూల్డు తెగలవారు. ఆదిలాబాదు కొండలలో గోండి, కొలామి భాషలు, గోదావరి కిరుగడల కోయ, శ్రీకాకుళపు కొండలలో సవర, మన్యమున కువి, తండాలలో లంబాడీ, చిత్తూరు సరిహద్దున తమిళము, అనంతపురము సరిహద్దున కన్నడము, ఇచ్ఛాపురమున ఒడియా. ఇవి చాలక, పట్టణముల చుట్టునున్న ఇటుకబట్టీలలో పడమటి ఒడిశానుండి బిడ్డలను చంకనెత్తుకొని వచ్చిన కూలీలు. వీరందఱును పన్ను కట్టువారే. అగ్గిపెట్టె కొనునపుడు ఏ భాషవాడని ఖజానా అడుగదు. తిరిగి యిచ్చునపుడు మాత్రమే భాష యడ్డు వచ్చుచున్నది.

చట్టమున లోపము కలదా? లేదు. మా వృత్తి చట్టముతో ముడిపడినది గనుక ఈ విషయమును కొంత నొక్కి చెప్పవలసియున్నది. రాజ్యాంగములోని 350వ అధికరణమును మన పాఠకులలో ఎందఱు చదివిరో మే మెఱుగము. తన కష్టమును తీర్పుమని కేంద్రముయొక్కగాని రాష్ట్రముయొక్కగాని యే యధికారికైనను, అచ్చట వాడుకలోనున్న యే భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు ప్రతి మనుష్యునకును అది యిచ్చుచున్నది. ఎనిమిదవ షెడ్యూలులోని భాషలని అందు లేదు. అధికార భాషయనియు లేదు. వాడుకలోనున్న భాష యని మాత్రమే కలదు. సంతాలీ, బోడో భాషలకు 2003వ సంవత్సరపు సవరణచే ఆ షెడ్యూలులో చోటు దొరకినది. గోండి, కోయ, లంబాడీలకు నేటికిని దొరకలేదు. దొరకకున్నను 350వ అధికరణపు హక్కునకు భంగము లేదు. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పించుటకు తగిన యేర్పాట్లు చేయుటకై ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపుమన్నది. ఉర్దూ 2017లో తెలంగాణమంతటను, 2022లో ఆంధ్రప్రదేశమంతటను రెండవ యధికార భాషగా చట్టమున కెక్కినది. కావున లోపము గ్రంథమున లేదు, గుమ్మమున నున్నది. బల్లమీద పేరు మూడు లిపులలో వ్రాసి, బల్ల వెనుక కూర్చున్నవాడు ఒక్క భాషయే యెఱుగుట యెక్కడి న్యాయము? దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత యిచ్చట అక్షరాల చెల్లుచున్నది.

భాష తెలియకపోవుట యొక యెత్తు; మర్యాద తెలియకపోవుట మఱొక యెత్తు. కచేరీల వరండాలలో ఇరువది సంవత్సరములుగా మేము గమనించుచున్న సంగతి యొకటి కలదు. తెల్లబట్టల పెద్దమనిషి వచ్చినచో "రండి, కూర్చుండుడు" అను నోరే, డెబ్బది యేండ్ల గోండు పటేలు వచ్చినచో "ఏమిరా, ఏమి కావలె?" అని యేకవచనమునకు దిగును. పాతబస్తీనుండి బురఖాతో వచ్చిన తల్లికి సమాధానముగా చేయి యూపుటయే దక్కును. అర్జీ యేమైనదను ప్రశ్న తరువాతిది. మనుష్యునిగా లెక్కించిరా యను ప్రశ్న ముందటిది. తెలుగున "మీరు" అను మాట యుచ్చరించుటకు ఖజానానుండి దమ్మిడీ ఖర్చు కాదు. దానికి బడ్జెటు కేటాయింపు అక్కఱలేదు, ఉత్తరువు అక్కఱలేదు. ఆ చిన్న ఖర్చునకే వెనుదీయు ప్రభుత్వము పెద్ద ఖర్చులకు ముందడుగు వేయునని యెట్లు నమ్ముట?

ఇక యువజన సేవ సంగతి. 1969 సెప్టెంబరు 24వ తేదీన, గాంధీ మహాత్ముని శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకము ఆరంభమైనది. నేను కాదు, నీవు అనునది దాని ధ్యేయము. అంతకంటె ఉదాత్తమైన ధ్యేయము మఱొకటి యుండబోదు. చదువు మానిన పల్లె యువకుల కొఱకు 1972లో నెహ్రూ యువకేంద్రములు వెలసినవి. 2023లో మేరా యువ భారత్ అను క్రొత్త సంస్థ వచ్చినది. పేర్లకు కొఱత లేదు. పని యేమి జరుగుచున్నదని కళాశాలలకు పోయి చూడుడు. సేవాపథకమున చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలయును, ఏడు దినముల శిబిరమునకు పోవలయును. ఆ గంటలలో అధిక భాగము ఊరేగింపులకును, ఉపన్యాసములకును, అతిథులు వచ్చునపుడు వరుసగా నిలుచుండుటకును వ్యయమగుచున్నది. శిబిరమునకు పల్లెకు పోయిన బిడ్డలు వీధి యూడ్చి, ఫొటో దిగి, ధ్రువపత్రము గైకొని మరలి వచ్చుచున్నారు. వీధి మఱునాటికే మురికి యగును. ఆ పల్లెలో ఎవరు ఏ భాష మాట్లాడుదురో, ఎవరి కార్డు ఏల రద్దయినదో, ఏ తల్లి ఆసుపత్రికి పోవుటకు ఏల భయపడుచున్నదో వారికి తెలియదు. తెలిసికొనుమని చెప్పినవారును లేరు.

లెక్క వేయుదము. సేవాపథకమున ఒక దళమునకు నూరుగురు. ఒక్కొక్కరికి 240 గంటల చొప్పున రెండేండ్లలో 24,000 గంటలు. దినమునకు ఎనిమిది గంటల వంతున 3,000 పనిదినములు. ఒక్క కళాశాలలోని ఒక్క దళము తన కాలములో సగము వెచ్చించినను, తాలూకా ఆసుపత్రి వద్ద ఒకరు, మండల కార్యాలయము వద్ద ఒకరు రెండేండ్లపాటు ప్రతి పనిదినమును నిలువవచ్చును. ఉర్దూ తెలిసిన బాలిక ప్రసూతి గది వద్ద, కోయ తెలిసిన బాలుడు అర్జీల బల్ల వద్ద, లంబాడీ తెలిసినవాడు పింఛనుల వరుస వద్ద నిలిచి, అడిగినవారికి అడిగిన మాట చెప్పి, ఫారము నింపిపెట్టినచో, అది సేవ. ఇందులకు క్రొత్త ధనము అవసరము లేదు. ఉన్న గంటలను ఊరేగింపులనుండి తప్పించి గుమ్మము వద్దకు మరల్చిన చాలును.

"ఇది క్రొత్తదేమి? ఇంటింటికి వాలంటీరును పంపితిమిగదా" అని కొందఱనవచ్చును. నిజమే. ఆంధ్రప్రదేశమున 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీరుల పద్ధతి ఆరంభమైనది. ఏబది యిండ్ల కొకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనము, రాష్ట్రమంతట రెండున్నర లక్షల యువతీయువకులు. వృద్ధుల పింఛను గడపకు వచ్చినది. ఈ మేలును కాదనుట అన్యాయము. కాని గడపకు వచ్చినవాడు ప్రజల మనిషియా, పక్షము మనిషియా యను సందేహము తొలినాటినుండియు వదలలేదు. 2024 ఎన్నికల వేళ పింఛనుల పంపిణీనుండి వారిని తొలగింపుమని ఎన్నికల సంఘమే చెప్పవలసివచ్చినది. ప్రభుత్వము మాఱిన పిదప ఆ పద్ధతియే ఆగిపోయినది. ఏలినవారు దానిని తమ ఘనతయని చాటిరి. ఎదిరించినవారు దానిని ముప్పుగా చిత్రించిరి. నడుమ ఆ బిడ్డల యౌవనములో ఐదేండ్లు గడచిపోయినవి.

ఇందుండి మేము గ్రహించిన పాఠము వేఱు. స్వచ్ఛంద సేవకుడనగా యజమాని లేనివాడు. 1921లో చీరాల పేరాల పోరాటమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు మునిసిపాలిటీ పన్నుల కెదురు నిలిచిన జనులకు తోడుగా నిలిచినది. దానికి వేతనమిచ్చిన సర్కారు లేదు, ఓట్లడిగిన యభ్యర్థి లేడు. యజమానియున్న సేవకునకు ఉద్యోగియని పేరు పెట్టి, జీతమును, భద్రతను ఇయ్యవలయును. యజమాని లేని సేవకుని ఏ పక్షమును ముట్టరాదు. రెండిటిని కలిపి, ఉద్యోగికి వాలంటీరని పేరు పెట్టి, ఉద్యోగమునకు తక్కువ వేతనము, సేవకు తక్కువ స్వాతంత్ర్యము ఇచ్చినచో రెండును చెడును. మఱియొక జాగ్రత్తయు కలదు. ఒక యింటి రోగము, అప్పు, తగవు తెలిసినవాడు దానిని దాచుట నేర్వవలయును. వకీలు కక్షిదారుని రహస్యమును బయటపెట్టినచో వాని పట్టా పోవును. ఏబది యిండ్ల వివరములు చేతబట్టిన యువకునికి ఆ నిబంధన యేల లేకపోవలె?

ఇక ఆక్షేపణలు. మొదటిది మన పట్టణములలోని విద్యావంతులనుండి వచ్చుచున్నది. "ఇన్ని భాషలను పోషించినచో ఐక్యము చెడును, అందఱును తెలుగు నేర్చినచో చిక్కు తీరును" అని వారి వాదము. తెలుగు నేర్చుకొనుట మంచిదే. మేము దానిని కోరువారమే. కాని నేర్చుకొనువఱకు రోగి ఆగునా? ప్రసవవేదన వ్యాకరణము ముగియువఱకు వేచియుండునా? ఈ వాదమునకు సమాధానము మన గడ్డమీదనే కలదు.

1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము నిజాము పోలీసుల కాల్పులలో కూలెను. అడవిని, భూమిని కోల్పోయిన గోండుల మొఱ కార్యాలయములకు చేరకపోవుటయే ఆ రక్తపాతమునకు మూలము. రక్తము చిందిన పిదప గాని సర్కారునకు చెవులు రాలేదు. గోండులను అధ్యయనము చేయవచ్చిన హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని ప్రోద్బలముచే 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణము మొదలైనది. నాగరి లిపిలో గోండి వాచకములు అచ్చైనవి. ఆ శిక్షణము పొందినవారిలో ఉపాధ్యాయులే కాక గ్రామాధికారులు, ఇతర సర్కారు నౌకరులునైరి. గోండి నేర్పుటవలన గోండులు దేశమునుండి విడిపోయిరా? దానికి విరుద్ధముగా, తొలిసారిగా సర్కారు లోపల వారికొక చోటు దొరకినది. తన మాట వినబడిన చోటికే మనుష్యుడు తనంతట వచ్చును. వినబడని చోటికి ఈడ్చుకొని పోవలసివచ్చును. ఐక్యమునకు మార్గమేదో పాఠకులే నిర్ణయింతురుగాక.

ఆ పాఠమును మనము నిలుపుకొనలేకపోతిమి. దాదాపు అఱువదేండ్ల పిదప, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గోండి, కొలామి, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసి ఒడియా, బంజారా యను ఎనిమిది భాషలలో బడి చదువు మరల ఆరంభింపబడినది. ఏజెన్సీ బడులలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000వ సంవత్సరమున వెలువడిన 3వ నంబరు ఉత్తరువును 2020 ఏప్రిల్ 22న సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కొట్టివేసినది. నూటికి నూరు పాళ్లు ప్రత్యేకించుట సమానత్వమునకు విరుద్ధమని తీర్పు; అంతకు ముందరి నియామకములను మాత్రము షరతులతో నిలిపినది. తీర్పును గౌరవించుట మా ధర్మము. కాని తీర్పు వచ్చినదని చేతులు ముడుచుకొని కూర్చుండుట ప్రభుత్వముల ధర్మము కాదు. కోర్టు కొట్టివేసినది పుట్టుకనుబట్టి మొత్తము పదవులను కేటాయించు పద్ధతిని. కోయ బడిలో చెప్పవలసినవానికి కోయ వచ్చి తీరవలయునని, సవర గూడెమునకు పోవు నర్సుకు సవర రావలయునని అర్హతగా నియమించినచో అది పుట్టుకను అడుగుట కాదు. పనికి కావలసిన పనితనమును అడుగుట. డ్రైవరునకు బండి తోలుట రావలెనని కోరుట పక్షపాతమందురా? ఏ కులమువాడైనను నేర్చుకొని రావచ్చును. నేర్చుకొనక రాదలచినవారికే ఈ నిబంధన కష్టముగా తోచును. ఇంత సులువైన మార్గముండగా, తీర్పును సాకుగా చూపి మన్యపు బడులను మూగబడులుగా విడుచుట క్షమింపరానిది.

రెండవ యాక్షేపణ సంఘములవారిది. "మా కులపు పిల్లల సంగతి మేము చూచుకొందుము, మీ కులపు పిల్లల సంగతి మీరు చూచుకొనుడు; ఇదియే యువజన సేవ" అని వారి మతము. దీనికి పూర్వోదాహరణములును చూపుదురు. 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసి పల్లెబిడ్డల చదువునకు నీడనిచ్చినది. 1906లో భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలి స్థాపించి, అంటరానివారని త్రోసివేయబడినవారి బిడ్డలకు బడులు నడిపిరి. వీరికి మేము చేతులెత్తి నమస్కరించుచున్నాము. అయితే ఒక భేదమును గమనింపుడు. ఆ దినములలో తలుపు మూసియుండెను. వారు తలుపు తెఱచుటకై సంఘము పెట్టిరి. నేటి సంఘములలో పెక్కింటికి తలుపుతో పనిలేదు. జయంతికొక ఫ్లెక్సీ, వర్ధంతికొక ఊరేగింపు, ఎన్నికలకొక బేరము. చవితి పందిరి వద్ద చందాకు తిరుగు యువకులును, మిలాద్ జెండాలు కట్టు యువకులును ఒకే వీధివారు; వారి తల్లులు ఒకే కుళాయి వద్ద బిందెలతో నిలుచున్నారు; ఆ కుళాయిలో నీరు రాదని కలిసి అర్జీ పెట్టుద మన్న మాట మాత్రము ఏ పందిరిలోను వినబడదు. పండుగలు జరుపుకొనవలదని మా యభిప్రాయము కాదు. పండుగ ముగిసిన మఱునాడు మిగిలిన 350 దినములలో ఈ శక్తి యెక్కడికి పోవుచున్నదని మా ప్రశ్న.

ఈ బిడ్డలకు కలిసి పనిచేయుట చేతకాదని యెవ్వరనగలరు? 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచినపుడు నలుమూలలనుండి వచ్చిన స్వచ్ఛంద సేవకులు ముక్కులకు గుడ్డలు కట్టుకొని శవములను మోసిరి, మోయునపుడు కులమడుగలేదు. 2020, 2021 సంవత్సరములలో కోవిడు మృతులను కన్నబిడ్డలే ముట్టుటకు వెఱచిన వేళ, ముస్లిము యువకులు హిందువుల చితులకు నిప్పంటించిన వార్తలు పలు పట్టణములనుండి వచ్చినవి. నడిచిపోవు వలసకూలీలకు దారి పొడవునను అన్నము పెట్టినవారిలో అన్ని మతముల బిడ్డలును ఉండిరి. చచ్చినవానిని కలిసి మోయగలిగినవారు బ్రతికినవాని అర్జీని కలిసి మోయలేరా? విపత్తునాడు మనుష్యులగుదుము, మామూలునాడు సంఘములగుదుము. ఈ రోగమునకు మందు కనిపెట్టుటయే యువజనోద్యమపు పని.

అందఱును కలియుటకు ఒక కప్పు కావలయును. గుడి, మసీదు, చర్చి ఎవరివి వారివి; కులపు సత్రము కులముది. ఎవరిదియు గాక అందఱిదియునైన కప్పు మన దేశమున ఒక్కటే కలదు, అది గ్రంథాలయము. ఈ పత్రికను పఠనమందిరములలో చదువుచున్నవారికి దాని చరిత్ర చెప్పనక్కఱలేదు గాని, గుర్తుచేయుట మంచిది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువలో పడవమీద నడిపిన గ్రంథాలయము. పాఠకుడు పుస్తకము వద్దకు రాలేకున్నచో పుస్తకమే పాఠకుని వద్దకు పోవలెనని పడవ యెక్కించిన ఆ యువకులకు ఏ శాఖ గౌరవ వేతనమిచ్చినది?

నేడు గ్రంథాలయములను చూడుడు. హైదరాబాదు చిక్కడపల్లిలోను, జిల్లా కేంద్రములలోను, పఠనమందిరములు యువకులతో నిండి, మెట్లమీదను, చెట్లక్రిందను కూర్చున్నారు. అందఱి చేతులలోను పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షల పుస్తకములే. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఉద్యోగము లేని ఇంటి బాధ మాకు తెలియును. కాని ఈ వైపరీత్యమును గమనింపుడు. ఐదవ షెడ్యూలును, ఆదివాసుల జనసంఖ్యను, మైనారిటీల హక్కులను కంఠస్థము చేసినవాడు అధికారియై ఉట్నూరునకు పోవును. అచ్చట ఒక్క గోండి మాట యెఱుగక దుబాసీకై వెదకును. ప్రజాసేవకై పరీక్ష వ్రాయువానిని ప్రజల భాషలో పరీక్షింపని పద్ధతి యిది. ఆ నాలుగేండ్ల నిరీక్షణములో వారమున కొక్క ఘడియ, ప్రక్క కుర్చీలోని ఉర్దూ యువకునినుండి ఉర్దూ నేర్చి, అతనికి తెలుగు నేర్పినచో, ఇద్దఱును మంచి అధికారులగుదురు. ఉద్యోగము రాకున్నను మంచి పొరుగువారగుదురు.

మూడవ యాక్షేపణ ఖజానావారిది: "డబ్బు లేదు." ఈ మాటకు మేము గట్టిగా సమాధానము చెప్పవలసియున్నది. 1960వ సంవత్సరపు గ్రంథాలయ చట్టము క్రింద ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. ఇల్లు గల ప్రతివాడును, చదువు వచ్చినను రాకున్నను, దానిని కట్టుచున్నాడు. అట్లు కట్టిన సొమ్మును పెక్కు మునిసిపాలిటీలును, పంచాయతీలును గ్రంథాలయ సంస్థలకు జమకట్టక యేండ్ల తరబడి బకాయి పెట్టుచున్నవి. ఇది పేదఱికము కాదు. ఒక పనికని వసూలుచేసిన సొమ్మును ఆ పనికి చేర్చకుండుటను మా వృత్తిలో నమ్మకద్రోహమందురు. ఒక గుమాస్తా ఈ పని చేసినచో కేసు పెట్టుదురు. పురపాలక సంఘమే చేసినచో బడ్జెటు సర్దుబాటని పేరు పెట్టుదురు. కంచే చేను మేసినచో కాపువాడెవ్వడు? ఆ సొమ్ము చేరినచో ప్రతి శాఖా గ్రంథాలయమునందును ఉర్దూ, ఒడియా, తమిళ, కన్నడ పుస్తకములుంచవచ్చును. గోండి, సవర వాచకములు అచ్చువేయవచ్చును. సాయంకాలము అర్జీలు వ్రాసిపెట్టు బల్ల యొకటి వేయవచ్చును.

తుదకు, ఒక న్యాయమైన శంక. "యువకులు ఉచితముగా దుబాసీ పని చేసినచో ప్రభుత్వము ఉద్యోగములు నింపుట మానుకొనునుగదా?" అని. ఈ భయము వట్టిది కాదు. ఉచిత సేవ యనునది సోమరి ప్రభుత్వమునకు మెత్తని దిండు. కావున మేము చెప్పుచున్న సేవకొక నియమముండవలయును: యువకుడు సహాయము చేయుచునే లెక్క వ్రాయవలయును. ఈ నెల ఈ ఆసుపత్రికి ఉర్దూ మాత్రమే వచ్చినవా రెందఱు వచ్చిరి, ఈ కార్యాలయమునకు కోయవా రెందఱు వచ్చిరి, ఎందఱు పని కాక మరలిరి అని పుస్తకమున నమోదు చేసి, పేర్లు వెల్లడింపక, ఆ లెక్కను ప్రతి మూడు నెలలకు పఠనమందిరమున బహిరంగముగా చదువవలయును. ఆ లెక్కయే ఉద్యోగము నింపుమని అడుగుటకు ఆధారము. ఆధారము లేని అర్జీని కోర్టు వినదు. ఆధారమున్న అర్జీని సర్కారు చాలకాలము చెవిటితనము నటించి త్రోసివేయజాలదు.

మేము కోరునవి నాలుగు. ప్రజలతో ముఖాముఖి వ్యవహరించు ప్రతి పదవికి ఆ ప్రాంతపు రెండవ భాషను అర్హతగా నియమింపుడు. జాతీయ సేవాపథకపు గంటలలో సగము కార్యాలయముల, ఆసుపత్రుల గుమ్మముల వద్ద గడపుటకు కళాశాలలు ఉత్తరువు చేయవలయును. గ్రంథాలయ సెస్సు బకాయిలను వడ్డీతో జమకట్టింపుడు. 350వ అధికరణపు హక్కును ఆయా భాషలలో పెద్ద యక్షరములతో వ్రాసి ప్రతి కార్యాలయపు తలుపుపై తగిలింపుడు. ఇందులో విప్లవమేమియు లేదు. ఉన్న చట్టమును ఉన్న సొమ్ముతో నడుపుమని మాత్రమే మా కోరిక. దీనికిని ఒప్పుకొననివారు యువశక్తిని గూర్చి సభలలో ప్రసంగించుట మానుకొనుట మర్యాద.

ఇక పఠనమందిరములలోని సోదరులకు, సోదరీమణులకు ఒక మాట. ప్రభుత్వము కదలువఱకు వేచియుండకుడు. మీ మందిరమునకు వచ్చువారిలో ఎవరెవరికి ఏయే భాషలు వచ్చునో రేపటి సాయంకాలమే ఒక పట్టిక వ్రాయుడు. మీ పట్టణపు ఆసుపత్రి వైద్యాధికారి వద్దకు నలుగురు పోయి, ఏ దినమున ఏ భాషవారు ఎక్కువగా వత్తురో అడుగుడు. ఆ దినమున ఇద్దఱు వంతులవారీగా నిలువుడు. మీ మునిసిపాలిటీ గత సంవత్సరము వసూలు చేసిన సెస్సు ఎంత, జమకట్టినదెంత యని సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఒక కాగితము పెట్టుడు. జవాబు వచ్చినచో దానిని గోడకు అంటింపుడు. రాకున్నచో అప్పీలు చేయుడు. ఈ మూడు పనులకు అధ్యక్షుడు అక్కఱలేదు, జెండా అక్కఱలేదు, చందా అక్కఱలేదు. వచ్చు నెలలో మీ పట్టికలో ఎన్ని భాషలు చేరినవో, మీ గోడమీద ఏ జవాబు వ్రేలాడుచున్నదో మాకు వ్రాయుడు. ప్రకటించుటకు మేము సిద్ధముగా నున్నాము.